కరుప్పి లేచి నిలబడకూడదు

2024 అక్టోబరు 28, సోమవారం. తెల్లవారి ఆరింకా కాలేదు. పాల ప్యాకెట్ల కోసం మెట్లు దిగుతుంటే వీధిలో నీళ్ల లారీ వెనక్కి వస్తున్న చప్పుడు, దాని వెంటే ఒక అరుపు. వీధికుక్కల అరుపులు నాకు బాగా తెలుసు. ఆకలి అరుపు వేరు, పోట్లాట అరుపు వేరు, పక్క సందు కుక్క ఇటు వస్తే అరిచేది వేరు. ఇది వాటిలో ఏదీ కాదు. చేతిసంచి మెట్ల మీదే పడేసి పరుగెత్తాను. కరుప్పి ముందు కాళ్ల మీద లేచి, నడుము కింది భాగాన్ని ఈడ్చుకుంటూ మా గేటు వైపే వస్తోంది.

పైన రెండో అంతస్తులో, మా ఇంట్లో, నాలుగు కుక్కపిల్లలు పొద్దుటి పాల కోసం కుయ్ కుయ్‌మంటున్నాయి.

ఆ పిల్లల సంగతి ముందు చెప్పాలి. అక్టోబరు 15న మద్రాసులో పడ్డ వాన గుర్తుందా? వేళచ్చేరి వంతెన మీద జనం కార్లు వరుసగా తెచ్చి పెట్టుకున్నారు, ఆ వాన. మరునాడు పెరంబూరు పేపర్ మిల్స్ రోడ్డు వెనక, మా సందు చివర, పొంగిన కాలవ పక్కన సిమెంటు తూములో ఐదు పిల్లలు కనిపించాయి. తల్లి కోసం సాయంత్రం దాకా చూశాం, రాలేదు. కళ్లు తెరిచి ఉన్నాయి, చిగుళ్లలోంచి పళ్లు అప్పుడే పొడుచుకొస్తున్నాయి. అంటే మూడు వారాల పిల్లలు.

ఐదోది ఆ రాత్రే పోయింది. ఒళ్లంతా చల్లగా, తడిసిన దూది ఉండలా ఉన్న పిల్లకి నేను గబగబా పాలు పట్టాను. ఒళ్లు చల్లబడిపోయిన పిల్లకి పేగులు పనిచేయవట. ముందు వేణ్ణీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి మెల్లగా వెచ్చబెట్టాలి, ఒళ్లు వేడెక్కాకే పాలు. ఈ మాట మరునాడు డాక్టరమ్మ చెబితే తెలిసింది. పాలు పట్టకపోయినా అది బతికేదని చెప్పలేం అని కూడా ఆమే అన్నారు. అయినా నాకు ఆ రాత్రి మర్చిపోయే రాత్రి కాదు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "అక్కా, పిల్ల దొరికింది, ఏం పాలు పట్టమంటావు" అంటే, నేను అడిగే మొదటి మాట "పొట్ట ముట్టుకుని చూడు, వెచ్చగా ఉందా?"

మిగిలిన నాలుగింటికి పేర్లు పెట్టింది మా అత్తయ్య. ఆవిడకి మడి ఎక్కువ. పిల్లల్ని ముట్టుకోలేదు, గుమ్మం అవతల కుర్చీ వేసుకుని చూసింది. "ఆ నల్లది మినుములు. తెల్లది నువ్వులు. ఎర్రగా ఉన్నది ఉలవలు. అదుగో, కంటి దగ్గర మచ్చ ఉంది చూడు, అది అలసందలు." అంతే, ఆ పేర్లే ఖాయమయ్యాయి.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా మామగారు గూడూరు నుంచి వచ్చి పెరంబూరు రైలుపెట్టెల వర్క్‌షాపులో పనిచేశారు. అప్పటినుంచీ ఇదే చుట్టుపక్కల ఉంటున్నాం. కొలతలు రాసుకునే పుస్తకంలో ముందు పేజీలు జాకెట్లవి, వెనక పేజీలు పిల్లల తూకాలవి. రోజూ పొద్దున ఒకే వేళకి వంటింటి తూకం మీద గిన్నె పెట్టి తూచేదాన్ని. ఏ పిల్ల తూకమైనా ఒక్కరోజు పెరగకుండా ఆగిందంటే, జబ్బు బయటికి కనపడకముందే ఆ అంకె చెప్పేస్తుంది. పాలు బోర్లా ఉంచే పట్టాలి, మన పసిబిడ్డలకు పట్టినట్టు వెల్లకిలా ఉంచి పడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆవుపాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయి, కుక్కపిల్లల పాలపొడే కలిపాను. మొదటి వారం మూడు నాలుగు గంటలకోసారి. తర్వాత మెత్తగా నలిపిన కోడిమాంసం, అన్నం. అలా పన్నెండు రోజులు గడిచి కొంచెం ఊపిరి తీసుకునేసరికి ఈ నీళ్ల లారీ.

కరుప్పి మా వీధి కుక్క. ఏడెనిమిదేళ్లుంటాయి. ఎడమ చెవి కొస కత్తిరించి ఉంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన గుర్తు. మూల మీద ఇడ్లీ కొట్టు దగ్గర పగలు, మా మెట్ల కింద రాత్రి. నా చేతి అన్నం ఎన్నేళ్లుగానో తింటోంది. ఆ నమ్మకంతోనే మూతికి గుడ్డ కట్టకుండా నడుము కింద చెయ్యి పెట్టి ఎత్తబోయాను. కరిచింది. కుడి బొటనవేలి కింద రెండు గాట్లు. తప్పు దానిది కాదు. అంత నొప్పిలో ఉన్న ప్రాణికి చెయ్యి ఎవరిదో తెలియదు. ముందు చున్నీతో మూతి చుట్టూ రెండు చుట్లు చుట్టి చెవుల వెనక ముడి వేయాలి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకోవాలి, అప్పుడే ఎత్తాలి.

కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు చెయ్యి కడుక్కున్నాను. ఈలోగా మా ఆయన బట్టలు కత్తిరించుకునే నా ప్లైవుడ్ చెక్క కిందికి తెచ్చారు. నడుము వంగకుండా కరుప్పిని దుప్పటితో సహా దాని మీదికి జరిపాం. వీధి చివరి ఆటో అణ్ణన్ "ఎన్న ఆచ్చు అక్కా" (ఏమైంది అక్కా) అంటూనే వెనక సీటు మీద గోనెపట్టా పరిచేశాడు. డౌటన్ దాటి వేపేరి చేరేదాకా ఒక్క గుంతలో కూడా బండి దడదడలాడనివ్వలేదు.

వేపేరి పశువైద్య కళాశాల 1903లో మొదలైనది. మద్రాసులో జంతువులున్న ఇంట్లో ఎవరికైనా ఆ ఆసుపత్రి తెలుసు. ఆ పొద్దున మా ముందు ఒక మేక, బుట్టలో పిల్లి, ఎయిర్‌కండిషన్ కారులో వచ్చిన పెద్ద లాబ్రడార్. చెక్క మీద కరుప్పిని చూసి ముగ్గురూ జరిగి దారిచ్చారు.

డాక్టరమ్మ మొదట చిగుళ్లు ఎత్తి రంగు చూశారు, లోపల నెత్తురు పోతోందేమో తెలియడానికి. తర్వాత వెనక కాలి వేళ్లను పట్టకారుతో గట్టిగా నొక్కారు. కాలు లాక్కుంటే చాలదట. లాక్కోవడం వెన్నుపాములోనే జరిగిపోతుంది, నొప్పి తలదాకా చేరిందో లేదో చూడాలట. కరుప్పి తల తిప్పి ఆవిడ మొహంలోకి చూసి గుర్రుమంది. "గుడ్ గర్ల్" అన్నారు ఆవిడ. కుక్క గుర్రుమన్నందుకు నాకు కళ్లనీళ్లు రావడం అదే మొదటిసారి.

ఎక్స్‌రేలో కటి ఎముక రెండు చోట్ల విరిగింది. "చేతిగాజు పగిలితే ఒక్కచోటే చిట్లదు కదమ్మా, రెండు ముక్కలవుతుంది. ఇదీ గుండ్రటి చట్రమే" అని చేత్తో గీసి చూపించారు. తుంటి కీలు గిన్నె బాగుంది, వెన్నెముకతో అతుకు కదల్లేదు. అందుకని ఆపరేషన్ అక్కర్లేదన్నారు. చుట్టూ ఉన్న దట్టమైన కండరాలే కట్టులా పట్టి ఉంచుతాయి. చేయాల్సింది ఒక్కటే. ఆరు వారాలు లేచి తిరగనివ్వకూడదు. ఉచ్చ తనంతట తను పోస్తోందో లేదో చూసుకోవాలి. మూత్రపుసంచి పగల్లేదని స్కాన్‌లో తేలింది కానీ, నొప్పికీ వాపుకీ అది పోయలేకపోతోంది. గొట్టం పెట్టి తీశారు. పొట్ట కింద రెండు వైపులా అరచేతులు ఆనించి మెల్లగా వెనక్కి నొక్కి ఎలా పోయించాలో నా చేతులు పట్టుకుని నేర్పించారు. నిండిన సంచి చేతికి నీళ్లు నింపిన బెలూన్‌లా తగులుతుంది. బలం పెడితే ప్రమాదం. ఆ మొదటి మూడు రోజులూ ఆ అరచేతుల స్పర్శలోనే నా ప్రాణం ఉంది.

ఇంటికొచ్చాక నన్ను భయపెట్టింది ఎముక కాదు, పార్వో, కుక్కపిల్లల ప్రాణాలు తీసే వాంతులు, విరేచనాల వైరస్. పిల్లలకు ఇంకా ఒక్క టీకా పడలేదు. ఆరు వారాలు నిండాక గానీ వేయరు. వీధి కుక్క ఒంటి మీద, పాదాల మీద, ఆసుపత్రి నేల తొక్కిన నా చెప్పుల మీద ఆ వైరస్ ఉండొచ్చు. నేల మీద నెలల తరబడి చావదు, సబ్బుకీ ఫినాయిలుకీ లొంగదు. బ్లీచుకి లొంగుతుంది. ఒక వంతు బ్లీచుకి ముప్పై వంతుల నీళ్లు, పది నిమిషాలు తడిగా ఉండాలి. రెండు గదుల ఇల్లు రెండు దేశాలైపోయింది. పడగ్గదిలో పిల్లలు, కుట్టుగదిలో తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన ఇనుప పంజరంలో కరుప్పి. మధ్య హాల్లో బ్లీచు నీళ్ల టబ్బు. పిల్లల పని ముందు, కరుప్పి పని తర్వాత. ఒకసారి కుట్టుగదిలోకి వెళ్తే స్నానం చేసి నైటీ మార్చకుండా పిల్లల దగ్గరికి వెళ్లేది లేదు. ఎన్ని స్నానాలో. మా అత్తయ్య మడి నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే. ఆవిడకు కూడా నా మడి చాలా నచ్చింది. తడిగుడ్డ తొక్కకూడదని, టబ్బు దాటకూడదని మా ఆయన మీద ఆవిడే కాపలా కాసేది.

అది దీపావళి వారం. ఇరవై మూడు జాకెట్లు ఇవ్వాల్సి ఉంది. కుడి బొటనవేలికి కట్టు. ఏడుగురికి ఫోన్ చేసి పండగ తర్వాత ఇస్తానని చెప్పాను. ఇద్దరు కోపంగా బట్ట వెనక్కి తీసుకెళ్లారు. వాళ్ల పండగ వాళ్లది, తప్పు పట్టను.

మిషను పక్కనే పంజరం. మూడు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే తుంటి మీద పుండు పడుతుంది. గోనెపట్టా తడిస్తే ఆరదు. ఏళ్ల తరబడి మూటగట్టిన జాకెట్టు ముక్కలన్నీ పాత దిండు గలేబుల్లో కూరి పరుపులు కుట్టాను, రోజుకు మూడు మార్చేలా. పాత తువ్వాలుకు రెండు వైపులా నాడాలు కుట్టి, పొట్ట కింద వేసి ఎత్తి పట్టుకునే ఊయల లాంటిది చేశాను. నాకు చేతనైన విద్య ఇదొక్కటే, ఆ వారం అది బాగా ఉపయోగపడింది.

సలహాలు మాత్రం కొదవ లేకుండా వచ్చాయి. కింద ఇంటాయన మనుషుల నడుంనొప్పికి వేసుకునే మాత్రల పట్టీ తెచ్చిచ్చాడు. డైక్లోఫెనాక్. అలాంటి మాత్రలు కుక్కలకు కడుపులో పుండ్లు వేసి, మూత్రపిండాలు పాడుచేస్తాయి. మంచి మనసుతో తెచ్చాడు కాబట్టి దండం పెట్టి తీసుకుని పక్కన పెట్టేశాను. ఎదురింటి తమిళ బామ్మ, మా ఆడపడుచు, పాలబ్బాయి, ముగ్గురూ వేర్వేరుగా చెప్పింది ఒకటే: పుత్తూరు కట్టు. ఆ కట్టు మీద నమ్మకం మా ఇంట్లోనూ ఉంది, మా మామగారి చెయ్యి విరిగితే పుత్తూరే వెళ్లారు. కానీ కటికి కట్టు ఎక్కడ కడతారు? కాలికైతే కట్టొచ్చు. ఇక్కడ కట్టేది ఏమీ లేదు, రాసేది ఏమీ లేదు. "ఏమీ చెయ్యకుండా అలా పడుకోబెడితే ఎలా నయమవుతుంది" అని ప్రతివాళ్లూ అడిగారు. రాత్రిపూట నన్ను నేనూ అడుక్కున్నాను. పిల్లల దగ్గర ప్రతిదీ చెయ్యాలి. పట్టాలి, తుడవాలి, తూచాలి, కడగాలి. చేసిన దానికి మరునాటికి తూకంలో గ్రాముల లెక్కన జవాబు వచ్చేది. కరుప్పి దగ్గర జవాబే లేదు. కదలనివ్వకుండా కూర్చోవడమే పని, అది నా చేతులకు అలవాటు లేని పని.

కరుప్పికీ అలవాటు లేదు. పడగ్గదిలో పిల్లలు కుయ్యిమంటే చాలు, చెవులు నిక్కబొడుచుకుని ముందు కాళ్ల మీద లేచేది. దానికి పిల్లలున్నాయో లేదో, ఎప్పుడైనా పోగొట్టుకుందో నాకు తెలియదు. గొంతు విన్న ప్రతిసారీ అటువైపు పోవాలని ఒళ్లంతా తపించేది. నేను పంజరంలో చెయ్యి పెట్టి మెడ మీద ఆనించి కూర్చునేదాన్ని. తలుపులు మూశాను, తలుపు కింద సందులో గుడ్డలు కుక్కాను. చివరికి పనిచేసింది కుట్టుమిషను. అది నడుస్తున్నంతసేపూ కరుప్పి తల కింద పెట్టి నిద్రపోయేది. పని లేకపోయినా, దారం ఎక్కించకుండా, ఉత్తినే తొక్కుతూ కూర్చున్న రాత్రులున్నాయి.

అక్టోబరు 31, గురువారం, దీపావళి. పొద్దున ప్రభుత్వ ఆసుపత్రిలో నాకు రెండో ఇంజెక్షన్. రెండేళ్ల కిందట నేను రేబిస్ టీకా పూర్తిగా వేయించుకుని ఉన్నాను కాబట్టి ఈసారి రెండే డోసులు, కరిచిన రోజు ఒకటి, మూడు రోజుల తర్వాత ఒకటి. వీధి జంతువుల్ని ముట్టుకునే వాళ్లందరూ ముందే వేయించుకోండి, బతిమాలి చెబుతున్నాను. పది రోజులు కుక్కను గమనించమన్నారు. అది ఎటూ నా పక్కనే ఉంది.

సాయంత్రం ఏడింటికి వీధంతా పేలడం మొదలైంది. కిటికీలకు దుప్పట్లు కట్టినా ఆగలేదు. కరుప్పి వణికిపోతూ పంజరం కమ్మీలను పళ్లతో పట్టి లాగుతోంది, వెనక కాళ్లు కొట్టుకుంటోంది. వదిలి లేవడానికి వీల్లేదు. అటు పిల్లలు ఏడుస్తున్నాయి. మా ఆయనకు ఆ రోజు రాత్రి డ్యూటీ. "అత్తయ్యా" అని ఒక్కసారి పిలిచాను, ఏం అడగాలో తెలియక ఆగిపోయాను. "నువ్వక్కడే ఉండు అమ్మాయ్" అంది. పడగ్గది తలుపు మూసిన చప్పుడు వినపడింది. రాత్రి ఒంటిగంటకి బాణసంచా సద్దుమణిగాక తలుపు సందులోంచి చూస్తే, నాలుగూ ఆవిడ చీర కుచ్చిళ్లలో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని విష్ణు సహస్రనామం చదువుతోంది. తర్వాత లేచి చన్నీళ్ల స్నానం చేసింది. దాని గురించి ఆవిడా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

తెల్లారుజామున నాలుగింటికి కరుప్పి గొంతులో చిన్న మూలుగు. తోక ఒక వేలంత పైకి లేచింది. పరుపు తడిసి, నా చీర తడిసి, నేలంతా తడి. నేను నొక్కలేదు. తనంతట తనే పోసింది. డాక్టరమ్మకి ఆ వేళ ఫోన్ చేయకూడదని ఆరు దాకా గడియారం చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత మలబద్ధకం. విరిగిన చోట దారి ఇరుకవుతుంది, గట్టిగా ముక్కితే నొప్పి. రాసిచ్చిన మెత్తబరిచే సిరప్పు, అన్నంలో ఉడకబెట్టిన తీపి గుమ్మడికాయ. ఐదో రోజుకి ఆ దిగులూ తీరింది.

నవంబరు 9న పిల్లలకు మొదటి టీకా. ఒక్కొక్కటీ రెండు కిలోలకు దగ్గరపడింది. నా నైటీ అంచుల్ని పట్టి వేలాడే వయసు. మినుములు, ఉలవలు జంటగా తిరువొత్తియూరులో మేడ ఉన్న ఇంటికి వెళ్లాయి. నేనే వెళ్లి గేటు ఊచల మధ్య సందు ఎంతుందో చూసొచ్చి మరీ ఇచ్చాను. నువ్వుల్ని అంబత్తూరులో ఒక తెలుగు టీచరమ్మ తీసుకుంది. అలసందలు మిగిలింది. ఆడపిల్ల, పైగా కంటి మచ్చ దిష్టి అన్నారు చూడటానికి వచ్చినవాళ్లు. ఆ మాట విన్న తర్వాత మా అత్తయ్య ఇంకెవర్నీ చూడటానికి రానివ్వలేదు.

నవంబరు 30న ఫెంగల్ తుపాను. కరెంటు లేదు, వీధిలో మోకాలి లోతు నీళ్లు. కరుప్పిని అప్పటికి తువ్వాలు ఊయలలో పట్టుకుని రోజుకు మూడుసార్లు మేడ మీదికి తీసుకెళ్లి తెస్తున్నాం. ఆ రోజు మేడ మీద గాలికి నిలబడలేకపోయాం. వీధికుక్కకి ఇంటి లోపల పోయడం సిగ్గో ఏమో, తుపాను తగ్గేదాకా బిగపట్టి ఉండిపోయింది. మళ్లీ నా అరచేతులు దాని పొట్ట కింద. మళ్లీ ఆ బెలూన్ కోసం వెతకడం.

డిసెంబరు 9కి ఆరు వారాలు. మళ్లీ ఎక్స్‌రే. విరిగిన చోట తెల్లటి మబ్బులా కొత్త ఎముక. ఇక మెల్లగా నడిపించండి అన్నారు.

అలసందలకు అప్పటికి రెండో టీకా పడి వారమైంది. డాక్టరమ్మని అడిగి, ఆ సాయంత్రం పంజరం ముందుకు ఎత్తుకుని తీసుకెళ్లాను. ఆరు వారాలు ఏ గొంతు కోసం కరుప్పి లేచి లేచి పడిందో, ఆ గొంతు దాని ముక్కు ముందు ఉంది. కరుప్పి వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది. నేను ఇంకేదో ఊహించుకున్నాను. అలసందలు మాత్రం ఊచలకు ఆనుకుని, దాని వీపుకి వీపు తగిలించి నిద్రపోయింది. కరుప్పి జరగలేదు.

దాన్ని ఇంట్లోనే ఉంచేసుకోవాలా అని మేం చాలా మాట్లాడుకున్నాం. ఎక్కడి కుక్కను అక్కడే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతాయి కానీ, నా మనసు నిబంధన దగ్గర ఆగలేదు. ముప్పై ఆరు మెట్లు. ఆ నడుముతో అది రోజూ ఎక్కలేదు. మేడ మీదికి తెచ్చినప్పుడల్లా పిట్టగోడ సందులోంచి ఇడ్లీ కొట్టు వైపే చూస్తూ నిలబడేది. ఇంటి ఓనరు మెట్ల కింద చోటు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, అక్కడ చెక్క పలక వేసి జాకెట్టు ముక్కల పరుపు పరిచాం.

డిసెంబరు 20, శుక్రవారం. తువ్వాలు ఊయల నాడాలు రెండు చేతులా పట్టుకుని కిందికి దింపాను. గేటు దాటాక నాడాలు వదులు చేశాను. వెనక కుడికాలు కొంచెం ఎడంగా వేస్తూ, మెల్లగా, ఇడ్లీ కొట్టు పక్కన కరెంటు స్తంభం దాకా నడిచింది. స్తంభం చుట్టూ వాసన చూసింది. రెండు నెలల్లో అక్కడికి ఎవరెవరు వచ్చి పోయారో అంతా చదువుకున్నట్టుంది. తర్వాత నడుము దించి, కాళ్లు వణక్కుండా, కూర్చుని పోసింది.

ఇడ్లీ కొట్టాయన లోపలి నుంచి "కరుప్పీ!" అని కేకేశాడు. తువ్వాలు మడిచి చంకలో పెట్టుకున్నాను.